చేదు గుమ్మడి

సిద్దిపేట,
ఫిబ్రవరి 16.

బాలమణీ,

చెల్లె అని రాయబోయి ఆగిపోయాను. ఆ మాట రాసే ముఖం నాకిప్పుడు లేదు.

నీ అడ్రసు కోసం మొన్న ధూళిమిట్టకు పోయి మీ కొండవ్వక్క ఇంటి ముందు నిలబడ్డాను. ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు. "ఇంకేం గావాలె నీకు? మా చెల్లె ఊరిడిసి బొంబాయి దిక్కు భివండికి పాయె గదా," అన్నది. ఒక్క ఉత్తరం రాసుకుంటానని చెప్పాను. కోడలిని పిలిచి ఒక కాగితం మీద రాయించి ఇచ్చింది. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వలేదు. ఇచ్చినా చేసేదాన్ని కాదేమో. నీ గొంతు వినగానే మళ్ళీ ఏదో ఒక అబద్ధం నా నోటికి వచ్చేస్తుంది. కాగితమైతే అబద్ధం రాసినప్పుడు చింపి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇది నాలుగో కాగితం.

డిసెంబరులో మా కోడలు శ్రీలేఖ శ్రీమంతం రోజు ఏం జరిగిందో నీకు తెలుసు. కానీ సగమే తెలుసు. మిగతా సగం నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా ఇంటి వెనక జాగలో నేను కూరగాయలు పెట్టడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. వివేక్ పెళ్ళయి, ఇంటి పని శ్రీలేఖ అందుకున్నాక, నాకంటూ ఒకటి ఉంటే బాగుండునని అనిపించింది. ముప్పై ఏళ్ళుగా నేను గిన్నెల దుకాణం ఓంప్రకాశ్ గారి భార్యను, వివేక్ వాళ్ళ అమ్మను. తోటలోనే నన్ను నా పేరుతో పిలవడం మొదలైంది. ఇంటి తోటల వాట్సాప్ గ్రూపులో "స్వరాజ్యలక్ష్మి గారి కాయలు చూడండి" అని ఎవరైనా రాస్తే, ఆ రోజంతా నాకు అన్నం కూడా అక్కర్లేదనిపించేది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా ఇదే మొదలు.

దీనికి ముందటి చలికాలం ఆన్‌లైన్‌లో ఒక విత్తనాల పొట్లం తెప్పించాను. విలాయతి గుమ్మడి. రెండు పిడికిళ్ళంత కాయ, ముదురాకుపచ్చ తోలు, నిలువునా గాడులు. విత్తనాలు రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిని చాయ్ కప్పుల్లో నింపి, ఒక్కో కప్పులో ఒక్కో గింజ పెట్టాను. ఐదో రోజు మొలకలు గింజ పెంకును టోపీలాగా నెత్తిన పెట్టుకుని లేచాయి. నాలుగాకులు వచ్చాక గుంటల్లోకి మార్చాను. ఎర్ర పురుగులను పొద్దున్నే చేత్తో ఏరేదాన్ని, ఆకుల మీద బూడిద చల్లేదాన్ని. మొదట అన్నీ మగ పూలే. పది రోజులకు, కింద గోలీకాయంత పిందె ఉన్న ఆడ పువ్వు విచ్చింది. మగ పువ్వు రెక్కలు తుంచి దాని నడుమ అద్దాను. ఆ ఏడు కాయలు తీయగా, వెన్నలాగా ఉన్నాయి. నువ్వే దప్పళం చేశావు. ఆ కాయల్లోంచే విత్తనాలు తీసి, నీడన ఆరబెట్టి, సీసాలో దాచాను.

అదే ఏడు గేటు పందిరి మీద ఇంకో పొట్లం పెట్టాను. రంగురంగుల చిన్న కాయలు, అలంకారానికి మాత్రమే. "గివి తింటరా అక్కా?" అని నువ్వు అడిగితే నవ్వాను. చూడటానికే అన్నాను. ఆ రెండు తీగల మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. అప్పుడు నాకది తట్టలేదు.

పోయిన అక్టోబరులో దాచిన విత్తనాలు వేశాను. మూడు తీగలు. ఈసారి కాయలు వేరుగా వచ్చాయి. తోలు మీద తెల్లటి చారలు, అక్కడక్కడ బుడిపెలు. నేను భయపడలేదు సరికదా, నా చేతిలో కొత్త రకం పుట్టిందని ఫొటోలు పెట్టాను. శ్రీమంతానికి వచ్చే ఆడవాళ్ళందరికీ నా తోట గుమ్మడి వండిస్తానని, పసుపు కుంకుమతో పాటు విత్తనాల పొట్లం కూడా ఇస్తానని చెప్పుకున్నాను.

ఇప్పుడు నీకు కూడా తెలియని మాట రాస్తున్నాను. శ్రీమంతానికి పది రోజుల ముందు, ఆ పొట్లాల కోసం ఒక కాయ కోశాను. గింజలు తీసి, కండలోంచి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. చేదు. వేపాకు చేదు కాదు. నాలుకను లోపలికి గుంజేసే చేదు. పరుగెత్తి నీళ్ళ పంపు కింద నోరు పెట్టాను. పచ్చిది కదా, ఉడికితే పోతుందిలే అనుకున్నాను. ఆ ఒక్క కాయకే అయి ఉంటుందని కూడా అనుకున్నాను. ఇంకో కాయ కోసి చూడొచ్చు. చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. ఆ కాయను ఎరువు గుంటలో పూడ్చి, గింజలు మాత్రం కడిగి ఆరబెట్టాను. ఇరవై రెండు పొట్లాలు కట్టాను.

ఆ రోజు వంట నీదే. పెరట్లో నువ్వు మొదటి కాయ కోసి ముక్క కొరికావు. ఉమ్మేశావు. "అక్కా, గిది చేదున్నది. నాలుక గుంజుతుంది. పారేసి సొరకాయలు తెప్పిద్దాం," అన్నావు. "బెల్లం జర ఎక్కువెయ్యి, చింతపులుసుల పోతది," అన్నాను నేను. నువ్వు నా వైపు చూశావు. నేను ముత్తయిదువుల దగ్గరికి పోయి, కూర నా తోటదే అని ఇంకోసారి చెప్పి వచ్చాను.

కొందరు ఆ కూరను ఆకు పక్కకు నెట్టేశారు. వాళ్ళకేం కాలేదు. నా ముఖం చూసి, నేను బాధపడతానని పూర్తిగా తిన్నవాళ్ళే పడిపోయారు. గంట తిరగకుండా వాంతులు, విరేచనాలు. పధ్నాలుగు మంది. మా ఆడపడుచు కన్యక కళ్ళు తేలేసింది. ఏడో నెల కడుపుతో ఉన్న శ్రీలేఖకు నొప్పులు మొదలైతే దవాఖానలో మూడు రోజులు ఉంచారు. "ఏం తిన్నారు?" అని డాక్టరమ్మ అడిగితే నేను అన్నం, పప్పు, పూర్ణాలు, పులిహోర అన్నీ చెప్పాను. గుమ్మడికాయ చెప్పలేదు.

అప్పుడే మా ఆయన అన్నారు, నీ ఇత్తడి గుండికి కళాయి పోయి ఉంటుందని, పులుసు అందులో చిలుమెక్కిందని. గిన్నెల మనిషి అన్న మాట కదా, అందరూ నమ్మారు. మర్నాడు పొద్దున నువ్వు గేటు దగ్గరికి వచ్చావు. శ్రీలేఖ ఎట్లున్నదని అడిగావు. ఆయన నిన్ను నలుగురి ముందు ఆ మాటలన్నీ అన్నారు. నువ్వు ఆయన్ను చూడలేదు. నా వైపే చూశావు. ఒక్క మాట చాలు. నేను కింద రాలిన ఆకులు చూస్తూ నిలబడ్డాను. నువ్వు పోయాక గేటు గడియ పెట్టింది నేనే.

తర్వాత నీకు ఒక్కొక్క ఇంటి నుంచి 'వద్దులే' అని ఫోన్లు వచ్చాయని, జనవరి ఆఖరుకు ఇల్లు ఖాళీ చేశావని విన్నాను. విని కూడా ఊరుకున్నాను. ఇన్ని రోజులు ఊరుకున్నదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాలుగు రోజుల కింద మా వెనక వీధి శ్వేత గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. మగ్గులో లేత మొలక, పక్కన దాని నాలుగేళ్ళ బిడ్డ చేతిలో నీళ్ళ చెంబు. "స్వరాజ్యలక్ష్మి ఆంటీ ఇచ్చిన గుమ్మడి విత్తనం మొలిచింది" అని. వెంటనే ఫోన్ చేసి, ఆ విత్తనాలకు తెగులుంది, పీకేయమన్నాను. నిజం మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నన్ను మాఫ్ చెయ్యి బాలమణీ. లేకపోతే తిట్టి రాయి. ఏదో ఒకటి రాయి.

స్వరాజ్యలక్ష్మి


భివండి,
మార్చి 4.

స్వరాజ్యక్కా,

నేను రజినిని రాస్తున్నాను. అమ్మ చెప్తుంటే రాస్తున్నాను. ఒక్క మాట కూడా మార్చొద్దన్నది. ఇక్కడి నుంచి అమ్మ మాటలు.

నీ ఉత్తరం నా బిడ్డ మూడుసార్లు చదివింది. మొదటిసారి చదివినప్పుడు నేను లేచి పోయి తోమిన గిన్నెలే మల్ల తోమిన. రెండోసారికి కోపమొచ్చింది. మూడోసారికి కూసుని విన్న.

నువ్వు ఏడ్సినవంట. నీ ఏడుపు నేనేం జేసుకోవాలె అక్కా? నన్ను ఊరంత అన్నరు. కళాయి లేని గుండిల వండి మందిని సంపబోయిందని పాలు పోసేటోడు గూడ అన్నడు. ఆ గుండికి నేను దసరకు ముందే కళాయి పెట్టిచ్చిన. ఆ పొద్దు మీ గేటు కాడికి ఉత్తచేతులతోని రాలే. గుండి ఆటోల ఏసుకొని వచ్చిన. బోర్లిచ్చి మీ సారుకు చూపిచ్చిన. తళతళ మెరుస్తుండె. ఆయన చూసిండు. చూసి గూడ అన్నడు. నువ్వు కిందికి చూస్తున్నవ్ గదా, నీకు కనబడలేదేమో.

ఇగ నాది గూడ ఒకటున్నది. నువ్వు దాచకుంట రాసినవ్ గనుక నేను గూడ దాచ. కాయ చేదున్నదని నాకు తెల్సు. నువ్వు బెల్లమెయ్యమన్నవ్, నేనేసిన. నేను ఎయ్య అనొచ్చు. పులుసు మోరీల పారబోయొచ్చు. వండేటోళ్ళకు నాలుక ఎందుకున్నది మరి? నీ మాట కాదంటె రేపటిసంది పిలువవని భయపడ్డ. కడుపుతోనున్న పిల్ల తింటదని తెల్సి గూడ గరిట తిప్పిన. గేటు కాడ నేను గూడ నోరు తెరువలే. కాయే చేదుండె అని అంటె, మరెందుకు వండినవ్ అని అడుగుతరు గదా. ఇద్దరం నోరు మూసుకున్నం అక్కా. గని దెబ్బ నా ఒక్కదానికే తగిలింది.

మాఫ్ చెయ్యమన్నవ్. నాకిప్పుడైతే తెల్వది. నాకు చెప్పుడు నీకు సులువు. నేను దూరంల ఉన్న, నీ మొకం నాకు కనబడది. తిన్నోళ్ళకు చెప్పు. ఫోన్ల గాదు, ఒక్కొక్కల చెవుల గాదు. నన్ను నలుగుట్ల అన్నరు, నలుగుట్లనే చెప్పాలె. నా పేరు వెట్టి చెప్పాలె. చేదున్నదని చెప్పి గూడ బాలమణి వండిందని అది గూడ చెప్పు, నన్ను పతివ్రతను చెయ్యకు.

ఇంకొకటి. శ్వేతమ్మకు పీకెయ్యమని ఫోన్ చేసినవంట. పీకిందో లేదో పోయి నీ కండ్లతోని చూసినవా?

అది చూడకముందు, ఇది చెప్పకముందు నాకు ఉత్తరం రాయకు.

బాలమణి


సిద్దిపేట,
మార్చి 29.

చెల్లె బాలమణికి,

నువ్వు చెప్పమన్నవి చెప్పాను కాబట్టి ఈసారి ఆ మాట రాస్తున్నాను. నీకు ఇష్టం లేకపోతే కొట్టేసి చదువు.

ముందు శ్వేత సంగతి. నీ ఉత్తరం అందేదాకా నేను పోయి చూడలేదు. అందిన గంటకే పోయాను. అది పీకలేదు. బిడ్డ రోజూ నీళ్ళు పోస్తుంటే పీకబుద్ధి కాలేదట. తీగ కిటికీ ఊచలు పట్టుకుని నా భుజం దాకా ఎదిగింది. మొగ్గలు కూడా వేసింది. నేను వంగి మొదలు పట్టుకుని లాగేశాను. బిడ్డ ఏడుపు అందుకుంది. "ఏంది ఆంటీ గిది? చిన్న తెగులుకే గిట్ల పీకుతరా?" అన్నది శ్వేత. తెగులు కాదు, విషం అన్నాను. మట్టి చేతులతో అక్కడే మెట్ల మీద కూర్చుని దానికి మొత్తం చెప్పాను. బయటికి చెప్పడం అదే మొదలు. శ్వేత బిడ్డను ఎత్తుకుని నాకు దూరంగా జరిగింది. ఆ జరగడం నేను చూశాను.

మర్నాడు ములుగు పోయాను, అక్కడి ఉద్యాన విశ్వవిద్యాలయానికి. శ్రీమంతం నాటి కాయలు రెండు మిగిలితే ఇంట్లోనే దాచాను, పారేయడానికి కూడా చేతులు రాక. ఒకటి సంచిలో పెట్టుకుని తీసుకుపోయాను. అక్కడ పాఠం చెప్పే ఒకామె ఓపిగ్గా కూర్చోబెట్టుకుని విన్నది. గేటు మీది అలంకారపు కాయలూ నా విలాయతి గుమ్మడీ ఒక్క జాతివేనట. నేను చేత్తో అద్దింది కొన్ని పూలకే, మిగతావాటికి తేనెటీగలు ఆ తీగ పుప్పొడి మోసుకొచ్చాయి. ఆ ఏడు కాయ తీయగానే ఉంటుందట. చేదంతా లోపలి గింజలోకి పోయి, మరుసటేడు తీగలో బయటపడుతుందట. చేదున్న గుమ్మడికాయను ఎవరూ తినకూడదని, ఉడికించినా, బెల్లం పోసినా ఆ విషం పోదని చెప్పింది. "తెలియక జరిగింది కదమ్మా, మీరంత బాధపడకండి," అన్నది పాపం. ఆ మాట వినగానే నాకెంత హాయిగా అనిపించిందో చెప్తే నువ్వు అసహ్యించుకుంటావు. బస్టాండు దాకా ఆ మాటే పట్టుకుని నడిచాను. బస్సెక్కాక సిగ్గేసింది. తెలియక జరిగింది విత్తనం దగ్గర. వంటింట్లో జరిగింది తెలిసే కదా.

శ్రీలేఖకు మార్చి ఒకటిన ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగున్నది. నువ్వు అడగలేదు కానీ అడగాలని ఉంటుందని రాస్తున్నాను. ఇరవై ఒకటో రోజున వాళ్ళ అమ్మగారింట్లో తొట్టెల వేశారు. భరణి అని పేరు పెట్టారు. శ్రీమంతానికి వచ్చిన వాళ్ళందరూ వచ్చారు. ఇంతకంటే మంచి నలుగుట్ల నాకు దొరకదనుకున్నాను.

ముందురోజు సాయంత్రం మా ఆయనకు చెప్పాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. గుండి సంగతి రాసిన చోటును ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత కాగితం మంచం మీద పడేశారు. "నీకేమన్న పిచ్చి లేసిందా? మనుమరాలి ఫంక్షన్ల గీ ముచ్చట తీస్తవా? ముప్పై ఏండ్ల సంది గిన్నెలమ్ముతున్న. నా మాట మీద ఊరు నమ్మింది. రేపు దుకాణంల నా మొకం ఎట్ల చూపియ్యాలె?" అని అరిచారు. ఆమె ఏ ముఖంతో ఊరు దాటిపోయిందో ఆ ముఖమే చూపించండి అన్నాను. మా పెళ్ళయ్యాక ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. తెల్లారి ఫంక్షన్ ఇంటి దాకా వచ్చారు కానీ లోపలికి రాకుండా స్కూటర్ మీదే కూర్చున్నారు.

బిడ్డను తొట్టెల్లో వేసి, పాటలు అయిపోయి, భోజనాలకు లేచే ముందు నేను నిలబడ్డాను. పక్కనున్న కుర్చీ పట్టుకున్నాను. "శ్రీమంతం నాడు మీకు రోగం తెచ్చింది బాలమణి గుండి కాదు. నా తోట గుమ్మడికాయ. అది చేదని నాకు పది రోజుల ముందే తెలుసు," అన్నాను. ఎరువు గుంటలో పూడ్చిన కాయ గురించి, విత్తనాల పొట్లాల గురించి చెప్పాను. బాలమణి వద్దన్నదని, పారేద్దామన్నదని, నేను బెల్లం వేసి వండమన్నానని చెప్పాను. నువ్వు చెప్పమన్నట్టే, చేదని తెలిసి కూడా నా మాటకు భయపడి వండిందని, అది తన తప్పని తానే రాసిందని కూడా చెప్పాను. గిన్నెల మీది మూతలు తీస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

కన్యక ముందు తేరుకుంది. "ఇప్పుడెందుకు వదినా గివన్నీ? మంచి రోజు. అయ్యిందేదో అయ్యింది. గుమ్మడికాయనే గదా," అన్నది. అందరూ హమ్మయ్య అన్నట్టు కదిలారు. అంతే, అక్కడితో అయిపోయేది. నన్ను ఏమీ అనకుండా, నిన్ను తలుచుకోకుండా, అన్నాలు తిని పోయేవాళ్ళు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మా ఆయన గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి నిలబడ్డారో. "ఆ గుండికి కళాయి మంచిగనే ఉండె. నేను చూసిన. చూసి గూడ అబద్ధమాడిన. మా ఇంటి మీదికి రావొద్దని ఆమె మీదికి తోసిన," అన్నారు. అని అక్కడ నిలబడలేక వెళ్ళిపోయారు. కన్యక చేతిలో పూల బుట్ట అట్లే ఉన్నది. "వదినా, నేనే గదా ఇల్లిల్లు తిరిగి చెప్పింది. బాలమణిని పిలువకున్రి అని నేనే చెప్పిన గదా," అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.

శ్రీలేఖ తొట్టెల పక్కన కూర్చుని ఉంది. అంతసేపూ నన్నే చూస్తున్నది. బిడ్డను ఎత్తుకుని లేచి, "నాకు రెండోసారి వడ్డించింది మీరే అత్తమ్మా," అన్నది. అంతే. గట్టిగా కూడా అనలేదు. లోపలి గదిలోకి పోయింది. నేను ఆ సంగతి మరిచిపోయాను బాలమణీ. నిజంగా మరిచిపోయాను. తన ఆకులో కూర అయిపోయిందని, ఇంకొంచెం వెయ్యనా బిడ్డా అని నేనే గరిటెడు వేశాను. నీకు రాసిన ఉత్తరంలో కూడా ఆ మాట లేదు. మనసు తనకు పనికొచ్చేవే గుర్తుపెట్టుకుంటుంది కాబోలు.

మూడో నెల రాగానే శ్రీలేఖ మా ఇంటికి రావాలి. ఇప్పుడే రానని వివేక్‌తో చెప్పిందట. వాడు నన్నేమీ అనలేదు, కానీ నాతో మాట్లాడేటప్పుడు ఫోన్ చూస్తూ మాట్లాడుతున్నాడు. నేను రెండుసార్లు పోయి బిడ్డను చూసి వచ్చాను. శ్రీలేఖ తలుపు తీస్తుంది, మంచినీళ్ళిస్తుంది, బిడ్డను చూపిస్తుంది. చేతికి మాత్రం ఇవ్వదు. ఇవ్వమని నేను అడగలేదు.

గ్రూపులో కూడా అంతా రాశాను. విత్తనాల పొట్లాలు పంతొమ్మిది వెనక్కి వచ్చాయి, పొయ్యిలో వేశాను. మూడు ఎవరి దగ్గరున్నాయో ఇంకా తేలలేదు. ఒకటి ఎర్రవల్లి పోయిందని ఎవరో అన్నారు, రేపు అక్కడికి పోతున్నాను. కన్యక కొండవ్వక్క కాళ్ళు పట్టుకుని నీ నంబరు తీసుకుంది. ఎత్తాలో వద్దో నీ ఇష్టం.

పోయిన ఉత్తరంలో నన్ను మాఫ్ చెయ్యమని అడిగాను. అది కూడా నా కోసమే అడిగానని ఇప్పుడు తెలుస్తోంది. ఈసారి ఏమీ అడగను.

స్వరాజ్యలక్ష్మి


భివండి,
ఏప్రిల్ 20.

అక్కా,

రజిని రాస్తుంది, నేను చెప్తున్న.

కన్యకమ్మ ఫోన్ చేసింది. మొదటిరోజు ఎత్తలే. మూడోరోజు ఎత్తిన. ఏడుసుడే ఏడుసుడు. తర్వాత ఇంకో పదిమంది దాక చేసిన్రు. కన్యకమ్మ కొడుకు పెండ్లికి నేనే వండాలంట, రానుపోను ఖర్చులు వెట్టుకుంటదంట. రాను అని చెప్పిన. కోపంతోని గాదు. ఈడ మగ్గాల మీద పనిచేసేటోళ్ళు మనదిక్కోళ్ళు ముప్పైమంది నా చేతి అన్నం తింటున్నరు. జొన్నరొట్టె, పచ్చిపులుసు చేస్తె ఊరికి పోయినట్టున్నదంటరు. ఈడ నాకు మంచిగనే ఉన్నది. నాకు పోయిన పేరు గావాలె అనుకున్న, అది వచ్చింది. పోయిన పని వద్దు.

మీ కోడలు గూడ ఫోన్ చేసింది. ఆమెకు నా తప్పు నేనే చెప్పిన. చేదని తెల్సి వండిన బిడ్డా, నన్ను ఏమన్న అను అన్న. ఏడుస్తున్న బిడ్డను ఊకుంచింది. తర్వాత, పాలు సరిపోతలేవు బాలమణక్కా, ఏం తినాలె అని అడిగింది. ఎల్లిపాయ కారం, మెంతికూర, బొబ్బెర్లు అని చెప్పిన. రోజు ఇడిసి రోజు ఫోన్ చేస్తుంది. నీ ముచ్చట ఆమె తియ్యలే, నేను తియ్యలే. టైం పడుతది అక్కా. చేతికిచ్చేదాక ఊకె పోయి రా. అడగకు.

మీ సారు గూడ ఒక కార్డు రాసిండు. రెండు ముక్కలే. తప్పయిందని రాసిండు. చిన్న చిన్న అక్షరాలు, రజినికి చదువుడు కష్టమైంది.

శ్రావణంల కొండవ్వక్క ఇంటికి వస్తున్న. ఒక పూట మీ ఇంటికొస్త. వండనీకి గాదు. మీ ఇంట్ల పదకొండేండ్లు వండిన అక్కా. పెండ్లిళ్ళకు వండిన, తద్దినాలకు వండిన, మీ సారు షష్టిపూర్తికి నూరుమందికి వండిన. అందరు తిన్నంక పెరట్ల నా అన్నం టిఫిన్ డబ్బల ఏసుకొని ఇంటికి పోతుంటి. మీ ఇంట్ల ఒక్కపారి గూడ ఆకు ముంగట కూసోలే. నువ్వు కూసోమనలే, నేను గూడ అనుకోలే.

ఈపారి నువ్వు వండు. ఏది వండినా సరే. నేను నడింట్ల కూసుంట. నువ్వు వడ్డించు.

సంతకం నేనే పెడుతున్న. రజిని నేర్పింది.

బాలమణి